సదస్సు జరిపి చూడు

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. (కంప్యూటర్ సైన్సు) విద్యార్థి

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెండింటిలో ఏదీ చేసే వయసు నాకింకా రాలేదు. కాని మన విద్యార్థి సంఘం తరఫున రెండేళ్ళలో రెండు సదస్సులకు కార్యదర్శిగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ సామెతకు మూడో ముక్క ఒకటి చేర్చే అర్హత సంపాదించాననే అనుకుంటున్నాను: సదస్సు జరిపి చూడు!

రెండు సదస్సులూ ఒకే విషయం మీద. వెబ్ హోస్టింగ్, అంటే వెబ్‌సైట్లకు చోటు కల్పించే వ్యాపారం. మొదటిది పోయిన సంవత్సరం హిందూపురంలో జరిగింది. రెండోది ఈ సంవత్సరం పెనుకొండలో. మొదటిది బ్రహ్మాండంగా జరిగిందని అందరూ అన్నారు, పేపర్లో కూడా వచ్చింది. నా లెక్కలో మాత్రం అది తప్పిన పంట. ఎందుకు తప్పిందో, రెండోసారి ఏం నేర్చుకుని ఏం చేశామో గురువులకు, పూర్వ విద్యార్థులకు, ముఖ్యంగా రేపు ఈ పని నెత్తికెత్తుకోబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

హిందూపురంలో ఏం జరిగింది?

కల్యాణ మండపం దొరికింది. నూట ఇరవై కుర్చీలు వేయించాం. ఆహ్వాన పత్రికలు రెండు రంగుల్లో అచ్చు వేయించాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్ళ నుంచి చిన్న వ్యాపారస్థులను, నేతపనివారిని, విద్యార్థులను పిలిచాం. హాలు నిండింది. మా కమిటీ సభ్యులం చొక్కాలకు రిబ్బన్లు కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటే మాకే ముచ్చటేసింది.

ముఖ్య అతిథి రావడం గంట ఆలస్యమైంది. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, పూలగుత్తులు, శాలువాలు. వేదిక మీద పదకొండు మంది. పదకొండు మందీ మాట్లాడారు. అసలు వక్త మైకు దగ్గరకు వచ్చేటప్పటికి పన్నెండున్నర. ఆయన వెబ్‌సైటును ఎలా పెడతారో అందరి ఎదుటా చేసి చూపిద్దామనుకున్నారు. మేము ఏర్పాటు చేసిన ఇంటర్నెట్టు ఏమిటయ్యా అంటే, ఒక మిత్రుడి సెల్‌ఫోను! దానికి అప్పటికే మా కమిటీ వాళ్ళమే పదిమందిమి తగులుకుని ఉన్నాం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అది చూసి చూసి జనం భోజనానికి లేచారు.

ఆ హాల్లో చివరి నుంచి రెండో వరుసలో ధర్మవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మగ్గం ఆయనది. మా నాయన స్నేహితుడు, వరసకు నేను మామా అని పిలుస్తాను. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తెచ్చుకున్నాడు. దాంట్లో ఆయన ప్రశ్న ఉంది. మా కార్యక్రమ పట్టికలో "ప్రశ్నోత్తరములు – 15 నిమిషములు" అని సాయంత్రం నాలుగుంబావుకు వేశాం. ఆ పదిహేను నిమిషాలను వందన సమర్పణ మింగేసింది. అంతకు ముందే, నాలుగు కావస్తుండగా, మామ లేచాడు. పాసింజరు వేళయింది. నేను గేటు దాకా వెంట వెళ్ళాను.

"మామా, ఇంకొంచెం సేపు ఉండు, అడుగుదువు" అన్నాను.

"రైలు ఉండదు గదా నాయనా" అన్నాడు. కోపంగా అనలేదు. కాగితం మళ్ళీ జేబులో పెట్టుకుంటూ, "నా అంగడి పేరు నాది గాకుండా ఎట్ల పోతాది? అదొక్కటే అడుగుదామని వస్తి" అన్నాడు.

సంగతేమిటంటే, నాలుగేళ్ళ క్రితం ఆయనకు ఒక కుర్రాడు వెబ్‌సైటు చేసి ఇచ్చాడు. చీరల బొమ్మలు, ఫోను నంబరు, అంగడి పేరుతో ఒక చిరునామా. పైఊళ్ళ నుంచి కొంత బేరం వచ్చేది. తర్వాత ఆ కుర్రాడు ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఒకరోజు చిరునామా కొడితే చీరలు లేవు, "ఈ పేరు అమ్మకానికి ఉంది" అని వచ్చింది. పాత గిరాకీలు అంగడి మూసేశారా అని ఫోను చేయడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్ళ ద్వారా ఇంకెంతమంది అడగకుండానే ఊరుకున్నారో లెక్క లేదు. ఒక దినం మగ్గం ఆపుకుని, రైలు చార్జీ పెట్టుకుని వచ్చిన మనిషిని, అడగకుండానే వెనక్కు పంపినాం.

మర్నాడు పేపర్లో "సదస్సు విజయవంతం" అని పడింది. ఆ కటింగు మా నాయనకు చూపించడానికి నాకు ముఖం చెల్లలేదు.

అసలు వెబ్ హోస్టింగ్ అనగా నేమి?

సైన్సు చదవని మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. మనం ఫోనులో ఒక వెబ్‌సైటు చూస్తున్నామంటే, దాని బొమ్మలు, అక్షరాలు ఎక్కడో ఒక కంప్యూటరులో ఉన్నాయన్నమాట. రాత్రింబవళ్ళు నిద్రపోకుండా, అడిగినవారికల్లా ఆ పేజీలు పంపే కంప్యూటరును సర్వరు అంటారు. ప్రతి అంగడివాడూ సొంత సర్వరు పెట్టుకోలేడు. అందుకని వేల సర్వర్లను ఒకచోట పెట్టి, కరెంటు పోకుండా, వేడెక్కకుండా చూసుకుంటూ, చోటును అద్దెకిచ్చే సంస్థలున్నాయి. అదే హోస్టింగ్. యాత్రికులకు సత్రంలో గదులిచ్చినట్లు, ఒకే సర్వరులో వందలాది చిన్న వెబ్‌సైట్లకు తలా కొంత చోటిస్తారు.

గది వేరు, గదికి వేలాడే పేరు పలక వేరు. ఆ పలకే డొమైను పేరు. దీన్ని విడిగా, రిజిస్ట్రార్ అనే వ్యాపారి దగ్గర నమోదు చేయించుకోవాలి. డాట్ కామ్ వంటి పేర్లను ఒకసారికి ఒక సంవత్సరం నుంచి పది సంవత్సరాల దాకా తీసుకోవచ్చు. అది శాశ్వతంగా కొనుక్కునేది కాదు, గుత్తకు తీసుకునేది. గడువు తీరాక కట్టకపోతే, కొంత వ్యవధి తర్వాత రిజిస్ట్రార్ ఆ పేరును రద్దు చేస్తాడు. డాట్ కామ్ పేరయితే రద్దయిన తర్వాత కూడా 30 రోజులపాటు ఎక్కువ రుసుము చెల్లించి విడిపించుకోవచ్చు. ఆపైన మరో 5 రోజులు గడిస్తే ఎవరైనా తీసుకోవచ్చు. పాత పేర్ల కోసం కాచుకుని కూర్చునేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

ఇంకొక సంగతి, నకలు. 2021 మార్చి 10న ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ సంస్థ భవనం ఒకటి తెల్లవారుజామున అగ్నికి ఆహుతి అయింది. నెట్‌క్రాఫ్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు మూగబోయాయి. వేరేచోట నకలు దాచుకున్నవారు లేచి నిలబడ్డారు. దాచుకోనివారిలో ఎందరో సర్వం పోగొట్టుకున్నారు. విత్తనం కాయంతా ఒకే గదిలో పెట్టేవాడికి నిప్పు భయం తెలియదని మా ఊళ్ళో అంటారు, అది ఇక్కడా నిజమే.

పేరు పోవడం, నకలు లేకపోవడం వంటివి హోస్టింగ్ వ్యాపారులకు రోజువారీ విషయాలు. వాడుకునేవారికి మాత్రం పిడుగుపాటు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడమే ఇలాంటి సదస్సుకు ప్రయోజనం.

పెద్ద సదస్సులు ఎలా నడిచాయి?

హిందూపురం దెబ్బ తర్వాత లోకంలో ఈ పని ఎలా చేస్తారో చదవాలనిపించింది. హోస్టింగ్ వ్యాపారుల సదస్సుల్లో చాలా పేరున్నది జర్మనీలోని రుస్ట్ అనే చిన్న ఊళ్ళో, యూరోపా పార్క్ అనే వినోద ఉద్యానంలో జరుగుతుంది. ముందు వరల్డ్ హోస్టింగ్ డేస్ అనేవారు, 2018 నుంచి క్లౌడ్‌ఫెస్ట్ అంటున్నారు. అంతటి సదస్సు కూడా 2020 మార్చిలో కరోనా వల్ల, అన్ని ఏర్పాట్లూ అయ్యాక, చివరి రోజుల్లో రద్దయింది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదునే చూద్దాం. సైబరాబాదులోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ఇంటర్నెట్టుకు సంబంధించిన పెద్ద సభలు మూడు జరిగాయి. మూడింటికీ మూడు పరీక్షలు ఎదురయ్యాయి.

మొదటిది 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు జరిగిన ఐక్యరాజ్య సమితి వారి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం. "అందరికీ ఇంటర్నెట్" అన్నది దాని నినాదం. సరిగ్గా వారం ముందు, నవంబరు 26న, ముంబై మీద ఉగ్రవాదుల దాడి మొదలై 29 దాకా సాగింది. ప్రయాణాలు మానుకున్నవారు మానుకోగా, సభ మాత్రం ప్రకటించిన తేదీకే మొదలై, ప్రకటించిన తేదీకే ముగిసింది.

రెండోది 2011 మార్చి 28 నుంచి ఏప్రిల్ 1 వరకు జరిగిన అంతర్జాతీయ వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు. ఆ వరసలో అది 20వది, మన దేశంలో మొదటిది. మధ్యలో మార్చి 30న ఏమిటో క్రికెట్ అభిమానులకు చెప్పనక్కరలేదు. మొహాలీలో భారత్, పాకిస్తాన్‌ల ప్రపంచ కప్ సెమీఫైనలు! ఏళ్ళ ముందు తేదీ పెట్టేవారికి ఇలాంటివి ఎలా తెలుస్తాయి?

మూడోది అన్నిటికన్నా చిత్రం. ప్రపంచంలోని డొమైను పేర్ల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్. అది ఏడాదికి మూడుసార్లు, ఖండాలు మారుస్తూ సమావేశమవుతుంది. దాని 57వ సమావేశం పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో జరగవలసింది. అక్కడ జికా వైరస్ వ్యాపించడంతో హైదరాబాదుకు మార్చారు. వేదిక మారిందని 2016 మే నెలలో ప్రకటన వస్తే, నవంబరు 3 నుంచి 9 వరకు సభ. అంటే ఆరు నెలల్లోపే వేల మందికి ఏర్పాట్లు! పైగా ఐకాన్‌పై అమెరికా ప్రభుత్వానికున్న ఒప్పందపు పర్యవేక్షణ ఆ అక్టోబరు 1తో ముగిసిన తర్వాత అదే మొదటి సమావేశం. ఏడు రోజుల సభలో ఆరో రోజు, నవంబరు 8 రాత్రి 8 గంటలకు, 500, 1000 రూపాయల నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించారు. మర్నాడు బ్యాంకులు లేవు, ఏటీఎంలు లేవు. ముగింపు రోజున, జేబులో చెల్లని నోట్లతో విదేశీ ప్రతినిధులు! ఏ కార్యదర్శి ఏ పట్టికలో వ్రాసుకోగలడు దీన్ని?

ఇవి చదివాక నాకు రెండు సంగతులు బోధపడ్డాయి. ఒకటి, ఆపదలు పట్టికలోకి రావు, కనుక పట్టికలో కొంత ఖాళీ ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఐకాన్ సమావేశానికి ప్రవేశ రుసుము లేదు. దాంట్లో పబ్లిక్ ఫోరం అని ఒక ఘట్టం ఉంటుంది. పాలక మండలి సభ్యులు వేదిక మీద కూర్చుంటారు. ఎవరైనా సరే మైకు ముందు వరుసలో నిలబడి, కొద్ది నిమిషాల్లో తన మాట చెప్పవచ్చు. రాలేనివారు ఇంటి నుంచే ప్రశ్న పంపవచ్చు. అన్న మాటలన్నీ వ్రాసి పెడతారు. అంత పెద్ద సభలో సామాన్యుడి ప్రశ్నకు ముందే చోటు కట్టి పెట్టారు. నూట ఇరవై కుర్చీల మా సభలో, మేము పదిహేను నిమిషాలు పెట్టి అవీ తినేశాం.

ఆకు చూసి పురుగు

ఈ సంవత్సరం మళ్ళీ సదస్సు చేద్దామని సంఘం నిర్ణయించినప్పుడు నేను వద్దన్నాను. ఇంటికి పోయి ఆ మాటే నాయనతో అన్నాను. అప్పుడు హిందూపురం కథంతా చెప్పవలసి వచ్చింది.

మాది పెనుకొండ దగ్గర పల్లె. రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. నాయన చంద్రికలు కడుగుతూ విన్నాడు. విని, "మీ యవ్వారం పురుగు తెచ్చుకున్నంక ఆకు ఎతుక్కున్నట్లుండాది రా అబ్బీ" అన్నాడు.

పట్టుపురుగుల సాగు తెలియనివారికి ఈ మాట వివరించాలి. గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టేదాకా పురుగు జీవితం ఇంచుమించు 25 రోజులు. మధ్యలో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. రెండో జ్వరం దాటిన చాకీ పురుగులను తెచ్చుకుంటాం. నాలుగో జ్వరం లేచాక పురుగు తినే తిండికి అంతు లేదు. మొత్తం ఆకులో నూటికి ఎనభై పాళ్ళు ఆ చివరి వారంలోనే తింటుంది. ఆ వారంలో ఆకు చాలకపోతే అంతకు ముందు పడ్డ కష్టమంతా గంగపాలు. గూడు కట్టిన ఐదారు రోజులకు విప్పి హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోవాలి. ఆలస్యం చేస్తే లోపలి పురుగు చిలకై గూటిని తొలుచుకుని వస్తుంది, తొలిచిన గూడుకు ధర లేదు.

అందుకని మా నాయన లెక్క ముందునుంచి వెనక్కు ఉంటుంది. మార్కెట్టు రోజు ముందు అనుకుంటాడు. అక్కడి నుంచి గూడు విప్పే రోజు, చంద్రిక ఎక్కించే రోజు, చాకీ తెచ్చే రోజు, అంతకు ముందు తోట కత్తిరించే రోజు. తోటలో ఆకు ఎంతుందో చూసి, అంతకు తగిన పురుగులే తెస్తాడు. ఆహ్వాన పత్రికలు అచ్చేసి తర్వాత ఏర్పాట్లు చూసుకున్న మేము చేసిందేమిటి? ఆకు చూడకుండా పురుగు తెచ్చుకోవడమే.

"మార్కెట్టు దినం ఏదిరా మీకు?" అని నాయన అడిగాడు. సదస్సు తేదీ చెప్పాను. "అది గాదు. వచ్చినోడు ఇంటికి పొయ్యేటప్పుడు ఏం పట్టుకోని పోవల్ల? అది చెప్పు ముందు" అన్నాడు.

ఆ రాత్రి నోటు పుస్తకంలో ఒకే వాక్యం వ్రాసుకున్నాను: ధర్మవరం మామ సాయంత్రం రైలెక్కేటప్పటికి ఆయన ప్రశ్నకు జవాబు ఆయన జేబులో ఉండాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ వాక్యం నుంచి వెనక్కు లెక్క కట్టుకుంటూ వచ్చినవే.

పెనుకొండకు సన్నాహం

చోటు: రైలు మార్గంలో ధర్మవరానికి, హిందూపురానికి మధ్య పెనుకొండ ఉంది. రెండు వైపులవారూ పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు. స్టేషను నుంచి హాలు దాకా ఆటోలు ముందే మాట్లాడి పెట్టాం.

తేదీ: పరీక్షలు, పండుగలు, పెళ్ళి ముహూర్తాలు, సంతలు అన్నీ క్యాలెండరులో గళ్ళు కొట్టి, మిగిలినవాటిలో ఒక ఆదివారం తీసుకున్నాం. కార్యక్రమం ముగింపు వేళను సాయంత్రం పాసింజరుకు గంటన్నర ముందు పెట్టాం. వెనక్కు లెక్క అక్కడి నుంచే మొదలు.

ప్రశ్నలు: నెల ముందే కమిటీ మూడు జట్లయి మూడు ఊళ్ళూ తిరిగింది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర, ధర్మవరం చీరల అంగళ్ళలో, పెనుకొండ బజారులో చీటీలు పంచి, "వెబ్‌సైటు గురించి మీకున్న సందేహం ఒక్కటి వ్రాయండి" అని అడిగాం. వ్రాయలేనివారు చెబితే మేమే వ్రాసుకున్నాం. 41 చీటీలు వచ్చాయి. నాలుగు కుప్పలుగా విడదీస్తే ఇవీ: పేరు ఎవరిది? ఖర్చెంత, రెండో ఏడాది ఎందుకు పెరుగుతుంది? పోతే తిరిగి వస్తుందా? తెలుగులో పెట్టుకోవచ్చునా? కార్యక్రమ పట్టిక దానంతట అదే తయారైంది. నాలుగు కుప్పలు, నాలుగు గంటలు.

వక్తలు: పదకొండు మంది కాదు, ముగ్గురు. అందులో ఒకరు బెంగుళూరులో డేటా సెంటరులో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి. చీటీల నకళ్ళు ముగ్గురికీ పదిహేను రోజుల ముందే పంపాం. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు మాట, ముప్పై నిమిషాలు ప్రశ్నలు. ప్రారంభోత్సవం పది నిమిషాలు. శాలువాలు లేవు. ఈ విషయంలో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు, ప్రిన్సిపాలు గారే మా తరఫున సర్దిచెప్పారు.

ఇంటర్నెట్టు: హిందూపురం పాఠం ఇక్కడ పనికొచ్చింది. ఒక సెల్‌ఫోను పంచగలిగే కనెక్షన్లు సాధారణంగా పది లోపు. ఇంట్లో వాడే రౌటరుకు కాగితం మీద రెండు వందల పైచిలుకు చిరునామాలుంటాయి గాని, గాలిలో తరంగాలు పంచుకోవాలి కనుక ముప్పై నలభై మంది ఒక్కసారి పడితే నీరసిస్తుంది. కాబట్టి వేదికకు వేరే లైను పెట్టాం, దాని పాస్‌వర్డు ఒక్కరికే తెలుసు. అంతకన్నా మేలైన ఉపాయం, చూపించదలచిన వెబ్‌సైటునంతా ల్యాప్‌టాపులోనే ఎక్కించుకోవడం. ఆ యంత్రమే సర్వరు, ఆ యంత్రమే చూసేవాడు. బయట నెట్ ఉన్నా లేకపోయినా పాఠం ఆగదు.

కరెంటు: జనరేటరును అద్దెకు తెచ్చి, ముందురోజు సాయంత్రం హాలు మెయిను ఆపి మరీ నడిపి చూశాం. ప్రొజెక్టరుకు తీగ సరిపోలేదని అప్పుడే తెలిసింది. సదస్సు రోజు తెలిసి ఉంటే?

భోజనం: పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం సంగటి, పప్పు, చిత్రాన్నం, మజ్జిగ. వంద మందిని పిలిచి, తొంభై ఆకులకు చెప్పాం.

ఆ రోజు

వచ్చినవారు 74 మంది. ఉదయం పదకొండింటికి కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ లేవలేదు.

మొదటి కుప్పలో మొదటి చీటీ మామది. ఈసారి మూడో వరుసలో కూర్చున్నాడు. మన పూర్వ విద్యార్థి తెర మీదనే ఆయన పాత చిరునామా నమోదు వివరాలు వెతికి చూపించారు. ఆ చరిత్ర చూస్తే తెలిసిందేమిటంటే, పేరు గడువు తీరింది, విడిపించుకునే వ్యవధీ దాటింది, ఎవరో కొత్తగా తీసుకున్నారు. తర్వాత మామ దగ్గరున్న పాత రసీదులు చూశారు. పేరు మొదటి నుంచీ ఆ కుర్రాడి ఈమెయిలు మీదనే ఉంది. గడువు హెచ్చరికలన్నీ ఆ మెయిలుకే పోయి ఉంటాయి.

"ఎవరి పేరున నమోదైతే వారిదే పేరు. డబ్బు ఎవరు కట్టారన్నది దానికి తెలియదు" అన్నారు ఆయన.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పోయినట్లేనా?" అన్నాడు.

వక్త దాచలేదు. ట్రేడ్‌మార్కు హక్కు ఉన్నవారికి 1999 నుంచి ఐకాన్ వివాద పరిష్కార పద్ధతి ఒకటి ఉంది, కాని దానికి ఋజువులు, రుసుము కావాలి, చిన్న అంగడికి గిట్టుబాటు కాదన్నారు. కొత్త పేరు తీసుకోవడమే దారి. ఆ హాల్లోనే, మామ సొంత ఈమెయిలు మీద, సొంత ఫోను నంబరు మీద, ఐదేళ్ళకు కొత్త పేరు నమోదు చేయించాం. పాత చీరల బొమ్మలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే స్వచ్ఛంద గ్రంథాలయంలో కొన్ని దొరికాయి, అన్నీ కాదు. పోయిన గిరాకీలు ఎలాగూ తిరిగి రారు. పోయిన సంవత్సరమే ఆయన ప్రశ్న విని ఉంటే ఈ ఏడాది బేరమన్నా మిగిలేది గదా అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తెలుగు కుప్ప దగ్గర హిందూపురం వారు చాలా ఆసక్తి చూపారు. తెలుగు లిపిలో డాట్ భారత్ అనే పేర్లు తీసుకునే వీలుంది. అయితే సరిహద్దు ఊరివారికి తెలిసిందే, తెలుగు, కన్నడ అక్షరాల్లో చాలా ఒకేలా కనబడతాయి. ఒక లిపిలో ఉన్న అంగడి పేరును రెండో లిపి అక్షరాలతో అనుకరించి మోసం చేయవచ్చు. దీనికి అడ్డుకట్టగా, బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపులన్నిటికీ కలిపి నిపుణుల బృందమొకటి ఐకాన్ కోసం నియమాలు తయారుచేసింది. తెలుగు, కన్నడ నియమాలు 2019లో చేర్చబడ్డాయి. పెద్ద సదస్సుల్లో మన అక్షరాల గురించి కూడా చర్చ జరుగుతుందని విని ఒక కిరాణా అంగడి ఆయన "మన వత్తుల గురించి అంత దూరంలో మాట్లాడతారా?" అని ఆశ్చర్యపోయాడు.

లోపాలు లేకపోలేదు. ఖర్చుల కుప్పకు కాలం చాలలేదు. ఆడవాళ్ళు తొమ్మిది మందే వచ్చారు. చీటీలు పంచడానికి వెళ్ళినవాళ్ళమంతా మగపిల్లలమే కావడం దానికి కారణమని మా తరగతి చెల్లెలొకరు మొహం మీదే అన్నది, నిజమే.

లెక్క కూడా చెప్పాలి. వచ్చింది: సంఘం 10,000, అంగళ్ళ విరాళం 7,500, అధ్యాపకులు 3,000, వెరసి 20,500 రూపాయలు. ఖర్చు: హాలు 2,000, భోజనం 9,000, జనరేటరు 3,500, మైకు, కుర్చీలు 2,800, అచ్చు 900, ఆటోలు 1,200, వెరసి 19,400. మిగులు 1,100 రూపాయలు సంఘం ఖాతాలో జమ.

రాబోయే కార్యదర్శులకు

వెబ్‌సైటు ఉన్నవారు ఈ పుస్తకం మూసేలోగా నాలుగు విషయాలు చూసుకోండి. పేరు మీ ఈమెయిలు మీద ఉందా? గడువు ఏ తేదీ? నకలు వేరేచోట ఉందా? పాస్‌వర్డు మీ దగ్గర ఉందా, చేసినవాడి దగ్గరే ఉందా?

సదస్సు జరపబోయేవారికి చెప్పేది ఇంకా తక్కువ. ఆహ్వాన పత్రిక చివర అచ్చు వేయండి. ప్రశ్నలు ముందు పోగు చేయండి. కరెంటును, నెట్‌ను నమ్మకండి, నడిపి చూడండి. దూరం నుంచి వచ్చినవాడి రైలు వేళ కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కు లెక్క వేయండి.

ఆ సాయంత్రం మామను పెనుకొండ స్టేషనుకు ఆటోలో నేనే తీసుకుపోయాను. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. బెంచీ మీద కూర్చుని జేబులోంచి కొత్త చిరునామా వ్రాసిన కాగితం తీసి, దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. "ఐదేండ్ల తర్వాత కట్టల్ల గదా. ఆ తారీకు ఈడ రాయి" అని కాగితం నా చేతికిచ్చాడు. వ్రాసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.